గుట్ట గూబ వేరు.. చెరువు గూబ వేరు

పొద్దుగూకే వేళ నర్మెట్ట చుట్టుపక్కల బండరాళ్ల గుట్టల దిక్కు నుంచి ‘బూ.. హూ’ అని బరువైన కూత వినబడితే చాలామంది రైతులు ‘అపశకునం’ అనుకుని గబగబా ఇంటిదారి పడతారు. అదే వేళకు చెరువు కట్ట దగ్గరి చింతచెట్టు మీంచి ‘హుప్.. హుప్.. హూ’ అని ఇంకో గొంతు లేస్తుంది. దానికీ అదే మాట. రెండూ పెద్ద పక్షులే. రెండింటికీ తల మీద కొమ్ముల లాంటివి ఉంటాయి. రెండూ చీకటి పడ్డాక తిరిగేవే. అందుకని ఊళ్లో రెండింటికీ కలిపి ఒకటే పేరు పెట్టేశాం- గుడ్లగూబ.

కానీ ఇవి రెండూ ఒకటి కాదు. ఒకటి బతికేది ముఖ్యంగా మన చెలకల్లోని ఎలుకల మీద. రెండోది బతికేది చెరువులోని చేపలు, కప్పలు, ఎండ్రకాయల మీద. మొదటిదానికి బండరాళ్లు కావాలి, రెండోదానికి నీటి పక్కన ముసురుకున్న పెద్ద చెట్టు కావాలి. మొదటిది పోయేది క్వారీల వల్ల, ఎలుకల మందు వల్ల. రెండోది పోయేది గొడ్డలి వల్ల. మన పొలం దగ్గర ఉన్నది ఏ గూబో తెలిస్తే, ఏ గుట్టను ముట్టకూడదో, ఏ చెట్టును కొట్టకూడదో తెలుస్తుంది. ఎకరం, రెండెకరాల రైతుకు ఈ పక్షులతో పనేమిటని అనుకోవచ్చు. మక్క కంకి పాలు పోసుకునే సమయంలో ఎలుకలు పడి కర్రలు కొరికేసిన మడిని చూసిన రైతు మాత్రం ఆ మాట అనడు.

ఇంగ్లీషు పుస్తకాల్లో మొదటిదాన్ని రాక్ ఈగిల్ ఔల్ అనీ, ఇండియన్ ఈగిల్ ఔల్ అనీ రాస్తారు. శాస్త్రీయ నామం బూబో బెంగాలెన్సిస్. రెండోది బ్రౌన్ ఫిష్ ఔల్, శాస్త్రీయ నామం కీటూపా జైలోనెన్సిస్. ఈ పేర్లు పలకడం మనకు కష్టం గనుక ఇక్కడ వీటిని గుట్ట గూబ, చెరువు గూబ అని పిలుచుకుందాం.

పాలివాళ్ల తగవు

ఈ రెండూ దగ్గరి చుట్టాలు. ఎంత దగ్గర అన్నది మాత్రం శాస్త్రవేత్తలే ఇంతకాలం తేల్చుకోలేకపోయారు. చెరువు గూబకు 1788లో గ్మెలిన్ అనే జర్మనీ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. శ్రీలంక నుంచి వచ్చిన పక్షిని బట్టి పెట్టిన పేరు అది, అందుకే జైలోనెన్సిస్ అయ్యింది. గుట్ట గూబకు 1831లో ఫ్రాంక్లిన్ అనే ఆయన పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని యూరప్‌లో ఉండే పెద్ద గూబలో ఒక రకంగానే లెక్కగట్టి, తర్వాత వేరు జాతిగా తీశారు. చేపలు తినే గూబలను మొదట వేరే కుటుంబంగా పెట్టారు. రక్తసంబంధం పరీక్షలు వచ్చాక ఇవన్నీ ఒక్క ఇంటివేనని తెచ్చి గుట్ట గూబ పక్కన కూర్చోబెట్టారు. మళ్లీ ఇప్పుడు కొత్త జాబితాల్లో వేరు కాపురం పెట్టించారు. ఒక్క గోడ అడ్డం పెట్టుకుని రెండిళ్లలో ఉండే పాలివాళ్ల మాదిరి అన్నమాట. పొలాలు పంచుకున్నారు, ముక్కు మొహం మాత్రం ఒకటే.

దగ్గరి పోలిక ఉన్న గూబలను సరిగా గుర్తుపట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి పక్కనున్న మహారాష్ట్రలో ఒక కథ ఉంది. మన ఊళ్లలో చింతచెట్ల తొర్రల్లో, పాత గోడల్లో ఉండే చిన్న గూబ, పైడికంటె, అందరికీ తెలుసు. దానికి అడవి గూబ అనే దగ్గరి చుట్టం ఉంది. చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. ఒంటి మీద చుక్కలు తక్కువ, తల పెద్దది, కాళ్లకు తెల్లటి ఈకలు దట్టం. 1884 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. 1914లో దొరికిందని ఒక ఇంగ్లీషు సైనికాధికారి చూపించిన పక్షి, మ్యూజియం నుంచి దొంగిలించి కొత్త చీటీ కట్టినదని చాలా ఏళ్లకు తేలింది. మధ్యలో ఇదే అడవి గూబ అని కొందరు చెప్పినవి పైడికంటెలే అయ్యాయి. చివరికి 1997 నవంబరులో అమెరికాకు చెందిన పమేలా రాస్ముసెన్, ఆమె సహచరులు మహారాష్ట్రలోని షహాదా దగ్గర దాన్ని పట్టపగలే చెట్టు మీద చూశారు. నూటపదమూడేళ్లు! అది అడవిలోనే ఉంది. దాన్ని పైడికంటె నుంచి విడదీసి చూసే కన్నే కరువైంది. ఆ తర్వాతే అది ఉన్న అడవులను కాపాడాలన్న మాట బయలుదేరింది.

మన గుట్ట గూబ, చెరువు గూబ అంత అరుదైనవి కావు. అయినా సంగతి అదే. పేరు తెలియని దాన్ని కాపాడుకోవడం ఎవరి తరమూ కాదు.

కాళ్లు చూస్తే చాలు

ఎత్తులో, బరువులో తేడా చెప్పడం కష్టం. రెండూ మూరకు కొంచెం ఎక్కువే ఉంటాయి. కిలో దాటి రెండు కిలోల దాకా తూగుతాయి. రెండింట్లోనూ ఆడదే మగదానికన్నా పెద్దది. గొంతు కింద తెల్లటి మచ్చ కూడా రెండింటికీ ఉంటుంది, కాబట్టి దాన్ని చూసి మోసపోవద్దు.

మొదట చూడాల్సింది కాళ్లు. గుట్ట గూబకు కాళ్ల నిండా వేళ్ల దాకా ఈకలుంటాయి, పైజామా తొడిగినట్టు. చెరువు గూబకు మోకాళ్ల కిందంతా బోడి. నీళ్లలో కాలుపెట్టి చేపను పట్టేదానికి ఈకలుంటే తడిసి బరువెక్కుతాయి. పైగా దాని వేళ్ల అడుగున ఆకురాయి లాంటి గరుకు ముళ్లు ఉంటాయి. జారిపోయే చేప వాటికి చిక్కితే ఇక జారదు.

తర్వాత కొమ్ములు. నిజానికి ఇవి కొమ్ములూ కావు, చెవులూ కావు, వట్టి ఈకల కుచ్చులు. అసలు చెవులు మొహానికి పక్కన ఈకల కింద దాగి ఉంటాయి. గుట్ట గూబ కుచ్చులు నల్లగా, నిక్కబొడుచుకుని ఉంటాయి. చెరువు గూబవి దువ్వని జుట్టు మాదిరి చెదిరిపోయి పక్కలకు వాలి ఉంటాయి. కళ్లు కూడా తేడాయే. గుట్ట గూబవి పండిన నారింజ రంగు, చెరువు గూబవి పచ్చటి పసుపు. గుట్ట గూబ మొహం చుట్టూ నల్లటి గీత గీసినట్టు పళ్లెం ఆకారం కనబడుతుంది. చెరువు గూబకు ఆ పళ్లెం సరిగా ఏర్పడి ఉండదు.

ఈ పళ్లెం ఊరికే అందం కోసం పెట్టింది కాదు. చాటలా పనిచేసి చప్పుడును చెవుల్లోకి మళ్లిస్తుంది. గడ్డిలో ఎలుక కదిలిన అలికిడి గుట్ట గూబకు అందేది అందుకే. దాని రెక్కల అంచుకు దువ్వెన పళ్ల లాంటి మెత్తటి ఈకలుంటాయి. ఎంత దగ్గర నుంచి ఎగిరినా చప్పుడు రాదు, నెత్తి మీంచి పోయినా తెలియదు. చెరువు గూబకు ఈ ఏర్పాటు లేదు. నీళ్లలోని చేపకు గాలిలోని రెక్కల చప్పుడు వినబడదు కదా, అందుకని దానికి చప్పుడు చేయకుండా ఎగరాల్సిన అవసరమే పడలేదు. అది చెట్టు మీంచి లేస్తే రెక్కల చప్పుడు మనకు చక్కగా వినబడుతుంది. చీకట్లో రూపం కనబడకపోయినా ఈ ఒక్క గుర్తుతో ఏ గూబో చెప్పేయొచ్చు.

ఇంకో తేడా కూడా ఉంది. చెరువు గూబ పూర్తిగా చీకటి పడేదాకా ఆగదు. సూర్యుడు ఇంకా ఉండగానే చెట్టు దిగి మత్తడి దగ్గరి బండ మీదనో, నీళ్లలోకి వాలిన కొమ్మ మీదనో వచ్చి కూర్చుంటుంది. అప్పటికి గూళ్లకు చేరుతున్న కాకులు దాని వెంట పడి అరుస్తుంటాయి. కాకుల గోల ఎక్కువగా ఉన్న చెట్టును కాస్త నిదానంగా చూస్తే ఆకుల్లో ముడుచుకుని కూర్చున్న గూబ కనబడుతుంది.

గూబ ఏం తిన్నదో ఉండ చెబుతుంది

రైతు తానే చేసుకోగల పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. గూబ ఎరను చీల్చి ముక్కలుగానో, చిన్నదైతే మొత్తంగానో మింగుతుంది. మాంసం అరిగిపోతుంది. వెంట్రుకలు, ఎముకలు, పండ్లు అరగవు. వాటిని కడుపులోనే ఉండగా చుట్టి నోటి గుండా కక్కేస్తుంది. అది రెట్ట కాదు, వాసన కూడా పెద్దగా ఉండదు. గుట్ట మీద గూబ రోజూ కూర్చునే బండ కింద బొటనవేలంత, అంతకన్నా పెద్ద బూడిదరంగు ఉండలు దొరుకుతాయి. తెల్లటి రెట్ట మరకలు ఆ బండను పట్టిస్తాయి.

ఆ ఉండను గిన్నెడు నీళ్లలో నానబెట్టి పుల్లతో విడదీయండి. గుట్ట గూబది అయితే ఎలుక బొచ్చు ముద్ద, దాంట్లో పుర్రె ముక్కలు, దవడలు, ముందు భాగాన నారింజ రంగు పండ్లు బయటపడతాయి. ఆ రంగు పండ్లు ఎలుక జాతివే. ఎన్ని జతల దవడలుంటే అన్ని ఎలుకలు. చెరువు గూబ ఉండ ఇంత గట్టిగా ఉండదు, చేతిలో పట్టుకుంటేనే పొడిపొడిగా రాలుతుంది. దాంట్లో చేప ముళ్లు, పొలుసులు, ఎండ్రకాయ పెంకు ముక్కలు కనబడతాయి. బడి పిల్లలకు కూడా ఇది మంచి పాఠం. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

శాస్త్రవేత్తలు చేసేది కూడా ఇదే పని. పుదుచ్చేరి ప్రాంతంలో ఎరిక్ రామానుజం గుట్ట గూబల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఉండలు ఏరి చూస్తే వాటిలో ఎక్కువ భాగం పొలాల ఎలుకలే. తోక చివర కుచ్చు ఉండి ఎగిరెగిరి దుంకే ఎలుక, మెత్తటి బొచ్చున్న మెట్ట పొలాల ఎలుక, గట్లు తవ్వే చిన్న పందికొక్కు- ఇవన్నీ ఉన్నాయి. మనకు నష్టం చేసేవి కూడా ఇవే కదా. చిన్న పందికొక్కు తిన్నదానికన్నా బొరియలో దాచుకున్నదే ఎక్కువ. వరి కోతలయ్యాక బొరియలు తవ్వితే గుప్పెళ్ల కొద్దీ వెన్నులు బయటపడే సంగతి మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. (ఇంగ్లీషువాళ్లు వాడే ‘బ్యాండికూట్’ అనే మాట మన తెలుగు పందికొక్కు నుంచి పోయినదే. మనం లోకానికిచ్చిన మాటల్లో ఇదొకటి, ఏం చేస్తాం!)

గుట్ట గూబ ఎలుకలు తప్ప ఇంకేమీ తినదని కాదు. కుందేళ్లను, కౌజులను పడుతుంది. నెమలిని పట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. బాయికాడ కోళ్లను రాత్రి బయట వదిలితే ఒకటి అరా పోవచ్చు. గంప కింద మూసుకోవడం మన పని.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి దాని గూడు కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య గుట్ట గూబ గుడ్లు పెట్టి పిల్లలను సాకుతుంది. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులు దాటాక పిల్లలవుతాయి. ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు తల్లిదండ్రులే మేపాలి. అంటే మన యాసంగి మొత్తం- మక్క, పల్లి, వరి నేల మీదున్నన్ని రోజులు- గుట్ట మీద ఒక కాపురం పిల్లల కోసం రాత్రంతా ఎలుకలను మోస్తూనే ఉంటుందన్నమాట. జీతం లేని కావలి ఇది. వానాకాలం పంట కోసి చుట్టుపక్కల తిండి తగ్గేసరికి ఎలుకలన్నీ పచ్చగా ఉన్న మడుల మీద పడేది కూడా ఆ రోజుల్లోనే.

మందు పెట్టే ముందు

ఎలుకల మందు వద్దని ఎవరూ చెప్పరు. ఎలుక ఈనితే ఒక ఈతకు అర డజను పైనే పిల్లలు. ఇరవై రోజుల పైచిలుకుకు మళ్లీ ఈనుతుంది. గూబ ఒక్కటే వీటన్నిటినీ తినలేదు. కానీ మందు పెట్టే పద్ధతిలో తేడా వస్తే ఎలుకతో పాటు గూబ కూడా పోతుంది. గూబ పోయిన మరు సంవత్సరం ఎలుకలు రెట్టింపు హుషారుగా వస్తాయి.

మన దగ్గర ఎక్కువగా వాడే మందులు రెండు. బ్రోమాడయోలోన్, జింకు ఫాస్ఫైడ్. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు అది. కొన్ని రోజుల పాటు మత్తుగా, తూలుతూ తిరిగి చస్తుంది. అలాంటి ఎలుక గూబకు తేలిగ్గా దొరుకుతుంది. ఎలుక కాలేయంలో ఉన్న మందు గూబ కడుపులోకి పోతుంది. ఒకటి రెండింటితో కాకపోయినా పదేపదే తింటే గూబకూ అదే చావు. జింకు ఫాస్ఫైడ్ ఎలుక ఒంట్లో అంతగా నిలవ ఉండదు గానీ, కడుపులో అరగని ఎర మిగిలి ఉంటే దాన్ని తిన్న కుక్కకూ పిల్లికీ గూబకూ ముప్పే. అది మనుషులకు కూడా ప్రాణాంతకం, చేతులతో కలపకూడదు.

అందుకని వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతినే తు.చ. తప్పకుండా పాటించాలి. మొదటి రోజు పొలంలో, గట్ల మీద ఉన్న బొరియలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు తెరిచి ఉన్నవే ఎలుకలున్న బొరియలు. వాటికే మందు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం బ్రోమాడయోలోన్ పొడి కర్రతో కలిపి, 10-15 గ్రాముల పొట్లాలు కట్టి బొరియ లోపలికి తోయాలి. గట్టు మీద, మడిలో చల్లకూడదు. చల్లిన ఎర పక్షులు కూడా తింటాయి. ఆ తర్వాత వారం పది రోజులు ప్రతి పొద్దున చుట్టూ తిరిగి చచ్చిన, తూలుతున్న ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టాలి. ఈ చివరి పని చేసే రైతులు తక్కువ. గూబలు పోయేది కూడా ఇక్కడే.

గుట్టకు దగ్గర్లో, గూబ కూసే చోట పొలమున్నవారు మందు కన్నా బుట్టలు పెట్టడం, బొరియలకు పొగబెట్టడం మేలు. పంగల కర్రలు, అడ్డకర్రలు కట్టిన గుంజలు పంటకన్నా ఎత్తుగా అక్కడక్కడ పాతితే రాత్రిపూట గూబలు వాటి మీద కూర్చుని వేటాడతాయి. పత్తిలో పురుగుల కోసం పగటి పక్షులకు పాతిన కర్రలే రాత్రి వీటికీ పనికొస్తాయి.

మలేసియాలో పామాయిల్ తోటల్లో, ఇజ్రాయెల్ పొలాల్లో గూబల కోసం చెక్కపెట్టెలు కట్టి ఎలుకలను తగ్గించుకుంటున్న సంగతి చాలామంది విని ఉంటారు. ఆ పెట్టెల్లోకి వచ్చేది హృదయం ఆకారం మొహమున్న తెల్ల గూబ. పాత ఇళ్లలో, గుళ్లలో ఉండి బుసకొట్టినట్టు అరిచేది అదే. గుట్ట గూబ పెట్టెలోకి రాదు. దానికి ఎత్తయిన బండ అరుగో, ఒర్రె గట్టున మట్టి గుంతో, పొద కింద నేలో కావాలి. గడ్డీ పుల్లా ఏరి గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. ఏటా అదే చోటికి వస్తుంది. అందువల్లనే గుట్టను కంకరగా మార్చేస్తే దానికి ఇంకో దారి లేదు. పక్క గుట్ట మీద అప్పటికే ఇంకో జంట ఉంటుంది. క్వారీ వల్ల ఊరికి ఎంత వస్తుంది, ఎంత పోతుంది అనే లెక్కలో ఈ ఎలుకల లెక్క ఎవరూ కలపరు. గ్రామసభలో గుట్ట లీజు సంగతి వచ్చినప్పుడు పక్క పొలాల రైతులు దుమ్ము సంగతి, బాయిల సంగతితో పాటు ఇది కూడా చెప్పాల్సిన అవసరం ఉంది.

చేపల సంఘాల అనుమానం

ఇక చెరువు గూబ. దేవాదుల నీళ్లతో బొమ్మకూరు లాంటి రిజర్వాయర్లు వచ్చాయి, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, 2016 నుంచి సర్కారు చెరువుల్లో చేపపిల్లలను వదిలింది. చెరువులో చేప పెరిగిన చోట గూబ మీద అనుమానం కూడా పెరుగుతుంది. మన చేపలన్నీ ఇదే తింటున్నదని.

అది చేపలు తినదని చెప్పలేం, పేరే చేపల గూబ. కానీ అది బుడుంగున మునిగే పక్షి కాదు. ఒడ్డున కూర్చుని, లోతులేని నీళ్లలో పైకి వచ్చినదాన్ని కాళ్లతో ఎత్తుకుపోతుంది. మోకాలు లోతు దాటిన నీళ్లలోని బొచ్చె, రవ్వ దాని చేతికి చిక్కవు. ఒడ్డుకు వచ్చే పరకలు, కప్పలు, ఎండ్రకాయలే దానికి ఎక్కువగా దొరుకుతాయి. పైగా ఒక చెరువుకు ఒక జంట, రెండు జంటలు తప్ప గుంపులుగా ఉండవు. ఏడాదికి ఒకటో రెండో గుడ్లు. ఎండ్రకాయలు వరి మడి గట్లకు తూట్లు పొడిచి నీళ్లు పోగొట్టే సంగతి ఆయకట్టు రైతులకు చెప్పనక్కర్లేదు. చేపల సంఘం నష్టంగా రాసుకున్న పద్దులో కొంత భాగం ఆయకట్టు రైతుకు లాభంగా పడుతుంది.

దీని అవసరం ఒక్కటే. నీటికి దగ్గర్లో ఆకు దట్టంగా ఉన్న పెద్ద చెట్టు. మామిడి, చింత, మర్రి, నల్లమద్ది ఏదైనా సరే. పగలంతా జంటగా దాంట్లోనే దాక్కుంటాయి. చెట్టు పంగలోనో, తొర్రలోనో, గద్దలు వదిలేసిన పాత గూటిలోనో గుడ్లు పెడతాయి. చెట్లున్న ఒర్రెల వెంట, పాకాల, రామప్ప, లక్నవరం లాంటి అడవి చెరువుల దగ్గర ఇలాంటి తావులకు కొదవ లేదు. మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు రైతులకు ఇది మనకన్నా బాగా తెలిసిన పక్షి అయి ఉండాలి. జనగామ దిక్కు మెట్ట చెరువులకు మాత్రం ఒక్కో కట్ట దగ్గర ఒకటో రెండో పెద్ద చెట్లు మిగిలాయి. కట్ట మీద చెట్టు వేళ్లతో గండి పడుతుందని ఇంజనీర్లు చెప్పేది నిజమే, కట్టను కాదని చెట్టును ఉంచమనడం సరికాదు. కానీ శిఖం అంచున, మత్తడి పక్కన, కట్టకు దూరంగా ఉన్న చింతను, మద్దిని కట్టెల కోసం కొట్టేయడానికి ఆ సాకు వాడుకోవద్దు. అలాంటి చెట్టు లేకపోతే చెరువు నిండా నీళ్లున్నా ఈ గూబ ఉండదు.

కొమ్ములే ప్రాణం మీదికి

గూబ ఇంటి మీద కూస్తే చావు వస్తుందన్న నమ్మకం తరతరాలది. నిజం చెప్పాలంటే ఈ రెండు గూబలకూ ఇళ్ల మీదికి వచ్చే అలవాటు లేదు. ఇంటి కప్పు మీద కనబడేవి పైడికంటె, తెల్ల గూబ. అవి వచ్చేది ఇంట్లో ఉన్న ఎలుకల కోసం. వచ్చిందంటే యజమానికి ఆయుష్షు తీరిందని కాదు, గాదెలోకి ఎలుకలు చేరాయని అర్థం.

గుట్ట గూబ మీద ఇంకా వింత నమ్మకాలున్నాయి. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ వాటిలో రెండింటిని ప్రత్యేకంగా చెప్పారు. కొన్ని రోజులు తిండి పెట్టకుండా కట్టేస్తే మనిషి గొంతుతో జాతకం చెబుతుందన్నది ఒకటి. దాన్ని చంపి ఎముకలు వాగులో వేస్తే ఒక ఎముక పాములా ఎదురీదుతుంది, అది దొరికినవాడికి ఎదురుండదన్నది రెండోది. ఈ పిచ్చి మాటలు నమ్మి ఎన్ని పక్షులను హింసించి చంపారో లెక్క లేదు. వన్యప్రాణుల అక్రమ వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో ఒక నివేదిక ఇచ్చింది. మన దేశంలో ఉన్న 30 రకాల గూబల్లో సగం అంగళ్లలో అమ్ముడవుతున్నాయని అందులో తేల్చింది. తల మీద కుచ్చులున్న గూబలకే గిరాకీ ఎక్కువట. పైన చెప్పుకున్న వట్టి ఈకల కుచ్చులే దాని ప్రాణానికి ధర కడుతున్నాయి. దీపావళి అమావాస్య ముందు ఈ బేరం జోరందుకుంటుంది. గుట్ట గూబ కావాలా, చెరువు గూబ కావాలా అని కొనేవాడు అడగడు, కొమ్ములుంటే చాలు. ఊళ్లోకి వచ్చి, గూబ ఎక్కడుందో చూపిస్తే వెయ్యి, రెండు వేలు ఇస్తామనే కొత్త మనుషుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏ గూబనైనా పట్టడం, చంపడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. జైలుశిక్ష పడుతుంది. చూపించినవాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు.

గొర్రెలు, మేకలు కాసేవాళ్లకు ఎండాకాలం ముందు గుట్ట మీద తెల్లటి నూగుతో ఉన్న గూబ పిల్లలు నేల మీద కనబడుతుంటాయి. పడిపోయిందేమోనని ఇంటికి తెస్తుంటారు. గుట్ట గూబ పిల్లలు ఎగరడం రాకముందే గూడు వదిలి బండల మధ్య నడుస్తాయి. తల్లి ఎక్కడో దగ్గర్లోనే ఉంటుంది, రాత్రికి వచ్చి మేపుతుంది. మనిషి దగ్గరికి పోతే రెక్కలు విప్పి ముక్కు టకటకలాడిస్తుంది, దాన్ని చూసి రాళ్లు వేయొద్దు. కుక్కలను వెనక్కి పిలుచుకుని పక్కదారిన పోతే చాలు.

తీగకు తగిలో, రాయి దెబ్బకో, మందు తిన్న ఎలుకను తినో నేలకూలిన పెద్ద గూబ దొరికితే మందపాటి గుడ్డ కప్పి కాళ్లను పట్టుకోవాలి. దాని బలమంతా గోళ్లలోనే ఉంటుంది. చిన్న చిల్లులున్న అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచాలి. నోట్లో నీళ్లు పోయొద్దు, అన్నం, పాలు పెట్టొద్దు. అదే రోజు దగ్గర్లోని అటవీ శాఖ రేంజి ఆఫీసుకు కబురు చేయాలి. ఎక్కడ దొరికిందో, గుట్ట దగ్గరనా చెరువు దగ్గరనా, చుట్టుపక్కల పొలాల్లో ఏ మందు పెట్టారో కూడా చెబితే వైద్యం చేసేవారికి సగం పని తేలికవుతుంది.